ముట్టుకోని ధమని

కరోనా ఉధృతి తగ్గిన మరుసటి ఏడాది, తోటల్లో పిందె కట్టే రోజుల్లో, హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వెళ్ళే దారిలో ఉన్న ఒక ట్రస్టు ఆస్పత్రిలో గుండె శస్త్రచికిత్స విభాగాధిపతిగా చేరాను. అప్పటికే ప్రభుత్వ బోధనాస్పత్రిలో ప్రొఫెసర్‌గా నా పదవీ విరమణ అయిపోయింది. ట్రస్టు వారు విభాగాన్ని కొత్తగా తెరుస్తూ, కొన్నేళ్ళు ఉండి దాన్ని నిలబెట్టి ఇవ్వమని అడిగారు. నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. గుండె మీద నేరుగా ఆనించి చూసే చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్, రక్తం ఎంత పారుతోందో కొలిచే ఫ్లో మీటర్ థియేటర్లో ఉండాలి. అవి వచ్చేదాకా మొదటి కేసు మొదలుపెట్టను.

ఆస్పత్రి మేనేజరు మర్యాదగానే అడిగాడు, "ఇన్నేళ్ళూ అవి లేకుండానే చేశారు కదండీ మేడమ్?" అని.

"చేశామండీ. చూసే వీలు లేక చూడకుండా చేశాం. ఇప్పుడు వీలుంది" అన్నాను.

ఈ వృత్తి తెలియని వారి కోసం కొంచెం చెప్పాలి. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనులు పూడుకుపోయినప్పుడు, ఒంట్లో మరోచోటి నుంచి తెచ్చిన రక్తనాళాన్ని పూడిక దాటాక అతికించి రక్తానికి కొత్త దారి ఇవ్వడమే బైపాస్. ఆ కొత్త నాళాన్ని గ్రాఫ్ట్ అంటాం. అతుకు వేసే చోట ధమని బియ్యపు గింజ కన్నా లావుండదు. కుట్టే దారం వెంట్రుక కన్నా సన్నం. ఒక కుట్టు అవతలి గోడను కూడా పట్టుకుందంటే దారి అక్కడే ఇరుకైపోతుంది. పైనుంచి చూస్తే మాత్రం అతుకు ముత్యంలా కనిపిస్తుంది. పాతరోజుల్లో వేలితో తడిమి, ఇ.సి.జి. చూసి, ఛాతీ మూసేవాళ్ళం. ఫ్లో మీటర్ ఒక అంకె చెబుతుంది. ప్రోబ్ లోపలి బొమ్మ చూపిస్తుంది. రెండూ చూశాకే మూయాలన్నది నా పట్టుదల.

ఆ విభాగం మొదలైన తొలి నెలల్లోనే యేసుపాదం గారు వచ్చారు.

విస్సన్నపేట వైపు మనిషి. అరవై దాటాయి. మామిడి సీజన్లో పొద్దున్నే షెడ్డులో రాశుల ముందు నిలబడి వేలం పిలవడం ఆయన పని. రైతు తెచ్చిన కాయ ఎవరికి, ఏ ధరకు పోతుందన్నది ఆయన గొంతు మీద తేలాలి. లారీల చప్పుడు, హమాలీల కేకలు దాటి షెడ్డు చివర నిలబడ్డ వ్యాపారికి వినపడే గొంతు అది. ఆయన భార్య రూతమ్మ గారు బడిలో పంతులమ్మ. వచ్చింది ఆయనే అయినా, రిపోర్టులు పట్టుకున్నదీ నా ఎదురుగా కూర్చున్నదీ ఆవిడే.

యాంజియోగ్రామ్ చూశాను. ఎడమ వైపు ప్రధాన ధమని మొదట్లోనే దారం అంత సన్నబడింది. గుండెకు ముందు వైపు, పక్క వైపు వెళ్ళే రెండు కొమ్మలూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. షుగరు చాలా ఏళ్ళుగా ఉంది. స్టెంటుకు లొంగే చోటు కాదని మా కార్డియాలజిస్టు ముందే రాసి పంపాడు.

"ఆపరేషను మాత్రం వద్దండి. మందులు రాసివ్వండి, వాడుకుంటాను" అన్నారు యేసుపాదం గారు, గోడవైపు చూస్తూ.

"ఆయన భయం గుండె గురించి కాదండీ మేడమ్ గారూ. వాళ్ళన్నయ్య గురించి" అన్నారు రూతమ్మ గారు.

ఆవిడ మొదలుపెట్టిన కథ ఆయన పూర్తి చేశారు. అన్నగారికి చాలా ఏళ్ళ కిందట ఎక్కడో దూరాన బైపాస్ చేశారు. గుండె బాగుపడింది. కానీ మత్తు దిగి లేచేసరికి మాట లేదు, కుడి చెయ్యి లేదు. పక్షవాతం.

"ఆపరేషను సక్సెస్ అన్నారండీ. బాగుపడిన గుండెతో మంచంలో పడున్నాడు మా అన్నయ్య, పోయేదాకా. మంచినీళ్ళు కావాలన్నా ఎడం చేత్తో మంచం కోడు కొట్టేవాడు. నా జీవనమే నోటి మీదండీ. అది పోయాక గుండె ఉండి ఏం చేసుకోను?"

ఇలాంటి భయాన్ని ధైర్యవచనాలతో తోసేయకూడదు, ఎందుకంటే అది నిజమైన భయం. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనిని బృహద్ధమని అంటాం. బైపాస్ చేసేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసే హార్ట్-లంగ్ మెషిన్ గొట్టాన్ని మామూలుగా దానికే పెడతాం. గుండెను ఆపడానికి దాన్ని క్లాంపుతో నొక్కిపట్టుకుంటాం. వయసు మీద పడ్డవాళ్ళకు ఆ ధమని లోపలి గోడకు కొవ్వు గడ్డలు పేరుకుని ఉంటాయి. నొక్కినప్పుడు ఒక ముక్క విరిగితే అది రక్తంలో కొట్టుకుపోయి మెదడులో ఇరుక్కుంటుంది. అన్నగారికి జరిగింది అదే కావచ్చు, మరొకటీ కావచ్చు. ఈ సంగతి అంతా వారిద్దరికీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను.

"ఆ ధమనిని ముట్టుకునే ముందు లోపల ఏముందో అల్ట్రాసౌండుతో చూస్తాను. బాగాలేకపోతే ముట్టుకోను."

"ముట్టుకోకుండా ఆపరేషనెలా అవుద్దండీ?"

"అవుతుంది. మాకు కష్టం ఎక్కువ. కానీ అవుతుంది."

"నా మాట పోదని మాటిస్తారా?"

"ఇవ్వలేనండీ. చూడకుండా ముట్టుకోనని మాత్రం మాటిస్తాను."

ఆయన సీజను అయిపోయాక వస్తానన్నారు. అంతవరకు ఆ సన్నబడ్డ గుండె ధమని ఆగదని నేను చెప్పబోతుండగానే రూతమ్మ గారు లేచి రిపోర్టులు సర్దుకున్నారు. "సీజను లేదు ఏమీ లేదండీ. సోమవారం చేర్పిస్తాను" అన్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున థియేటర్లో నాకు ఎదురుగా నిలబడింది డాక్టర్ కిరణ్. హోదా అసోసియేట్ కన్సల్టెంట్, అంటే నా తర్వాతి సర్జన్. వయసు చిన్నదే, చెయ్యి చాలా నెమ్మదైనది. గుండెను ఆపకుండా, కొట్టుకుంటుండగానే కుట్టే పద్ధతి అతను చదువుకున్న చోట రోజూ చేసేవారు. మత్తు డాక్టర్ రమణి. రోగి తల దగ్గర నిలబడి రక్తపోటు, శ్వాస, మందులు అన్నీ చూసుకునేది ఆవిడే. ఆవిడ వద్దంటే ఎంత పెద్ద సర్జనైనా చెయ్యి ఆపాల్సిందే.

ముందు వేసుకున్న పథకం మామూలుదే. హార్ట్-లంగ్ మెషిన్ మీద పెట్టి, గుండె ఆపి, రెండు గ్రాఫ్టులు వేయడం. రొమ్ము ఎముక తెరిచాక కిరణ్ బృహద్ధమనిని వేళ్ళతో తడిమాడు.

"మెత్తగా ఉంది మేడమ్. ఎక్కడా గట్టి తగల్లేదు."

నేనూ తడిమాను. నిజంగానే ఎక్కడా గట్టిదనం లేదు. గొంతులోంచి దించి చూసే ఎకో కూడా అప్పటికే చేశారు. కానీ ఆ దారిలో శ్వాసనాళంలోని గాలి అడ్డొచ్చి, సరిగ్గా క్లాంపు పెట్టే భాగమే దానికి కనపడదు. ప్రోబుకు శుభ్రమైన తొడుగు వేసి, ధమని చుట్టూ గోరువెచ్చని సెలైన్ పోయించి, పైనుంచి ఆనించాను. అల్ట్రాసౌండు గాలిలో పోదు, నీటిలో పోతుంది. అందుకే ఆ సెలైన్.

మొదట ముందు గోడ కనిపించింది, నున్నగా ఉంది. ప్రోబును కొంచెం పైకి జరిపాను. వెనక గోడ మీద, మేము క్లాంపు పెట్టబోయే చోటనే, ఒక కొవ్వు గడ్డ ఉంది. దాని కొస గోడను వదిలేసి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ నీటి అడుగున నాచులా ఊగుతోంది. అది మెత్తనిది, పైగా వెనక వైపుది. ఏ వేలికీ తగలదు.

థియేటర్లో అందరి కళ్ళూ ఆ తెర మీదే ఉన్నాయి. "ధమనిని ఎవరూ ముట్టుకోవద్దు. మెషిన్ వద్దు. కొట్టుకునే గుండె మీదే చేద్దాం" అన్నాను.

అలా చేయాలంటే కొత్త నాళాలకు రక్తం బృహద్ధమని నుంచి తీసుకోకూడదు. రొమ్ము ఎముక వెనక నుంచి కుడి ఎడమల రెండు ధమనులు దిగుతాయి. ఎడమదాన్ని గుండె ముందు కొమ్మకు కలిపి, కుడిదాన్ని విడదీసి ఎడమదాని పక్కకు అతికించి, దాని రెండో కొసను గుండె పక్క కొమ్మకు చేర్చాలి. చూడ్డానికి పంగల కర్రలా ఉంటుంది.

అభ్యంతరాలు వెంటనే వచ్చాయి. రావాలి కూడా. రెండు ధమనులూ తీసేస్తే రొమ్ము ఎముకకు రక్తం తగ్గుతుందని, ఇంత షుగరున్న మనిషికి గాయం మానదని కిరణ్ అన్నాడు. గుండె పెద్దదిగా ఉందని, దాని పక్క గోడ మీది కొమ్మకు కుట్టడానికి ఎత్తిపడితే బి.పి. నిలబడదని రమణి అన్నది. అది నిలబడక గుండె అదుపు తప్పితే హడావిడిగా మెషిన్ పెట్టాలి. అప్పుడు గొట్టం ఆ బృహద్ధమనికే గుచ్చాలి, లేదా తొడ ధమని నుంచి రక్తాన్ని ఆ గడ్డ మీదికే ఎదురు తోలాలి.

ఇద్దరూ చెప్పింది నిజమే. "గాయం మానకపోతే మాన్పుతాం. మెదడులోకి పోయిన ముక్కను వెనక్కి తేలేం" అన్నాను. రమణి మందులు సిద్ధం చేసుకుంది, కిరణ్ రొమ్ము ధమనులను విడదీయడానికి చెయ్యి కదిపాడు.

ముందు కొమ్మ అతుకు నేను కుట్టాను. ప్రోబు ఆనించి చూస్తే రక్తం నిండుగా దిగుతోంది. అంకె కూడా బాగుంది. పక్క గోడకు కుట్టడంలో కిరణ్‌కు నాకన్నా అనుభవం ఎక్కువ కాబట్టి ఆ అతుకు అతన్ని వేయమన్నాను. గుండెను పక్కకు ఎత్తి, కుట్టే చోటు కదలకుండా స్టెబిలైజర్ అనే పట్టుతో నొక్కిపెట్టాం. బి.పి. దిగుతూ వచ్చింది. రమణి మందులు పెంచుతూ, బల్ల తల వైపు దించుతూ నెట్టుకొచ్చింది. కిరణ్ తొందరపడలేదు. కుట్టడం అయిపోయాక గుండెను నెమ్మదిగా దాని స్థానంలోకి దించాం. బి.పి. కోలుకుంది.

అప్పుడు గ్రాఫ్టుకు ఫ్లో మీటర్ తగిలించాం. రావాల్సినదాంట్లో సగం కూడా రావడం లేదు. దాని తెర మీద ప్రవాహాన్ని గీసే అల కూడా సూదిలా పైకి లేచి పడిపోతోంది. ఎదుట ఎక్కడో అడ్డు ఉందని దానర్థం.

మాస్కు పైన కిరణ్ కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "నాదే మేడమ్. చివరి కుట్టులో అవతలి గోడ దొరికి ఉంటుంది. విప్పి మళ్ళీ కుడతాను" అన్నాడు. చెయ్యి అప్పటికే కత్తెర కోసం చాచాడు.

"మళ్ళీ అంతసేపు ఎత్తి పట్టుకుంటే ఈ గుండె ఊరుకోదు మేడమ్. ఈసారి నేను హామీ ఇవ్వలేను" అన్నది రమణి.

విప్పకపోతే పక్క గోడకు రక్తం చాలదు. విప్పితే, మేము పొద్దుటి నుంచి తప్పించుకుంటూ వచ్చిన ప్రమాదంలోకి నేరుగా నడవాలి. ప్రోబు చేతిలోకి తీసుకుని, "ఎవరూ ఏమీ విప్పొద్దు. ముందు చూద్దాం. రమణీ, ప్రోబు ఆనించేంతసేపు ఎత్తుతాను, ఓర్చుకోగలవా?" అని అడిగాను.

"త్వరగా" అన్నది.

గుండెను అవసరమైనంత మేర మాత్రమే ఎత్తి అతుకు మీద ప్రోబు పెట్టాను. తెర మీద అతుకు నిలువుగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా కనిపించింది. రెండు గోడలూ విడివిడిగా ఉన్నాయి. ఎక్కడా ఇరుకు లేదు. కదిలే రక్తాన్ని తెర మీద రంగులో చూపే అమరిక పెట్టి చూస్తే ధమని నిండా రక్తం పారుతోంది.

"నీ కుట్టు బాగుంది కిరణ్" అన్నాను.

అతను తెర వైపు చూశాడు, నమ్మనట్టుగా ఫ్లో మీటర్ వైపు చూశాడు. ఇప్పుడు, గుండె ఎత్తి ఉన్నప్పుడు, అంకె కూడా పెరిగింది. అంటే గుండె ఎత్తితే పారుతోంది, దించితే ఆగుతోంది. అడ్డు అతుకులో కాదు, దారిలో ఉంది.

కిరణ్‌ను గుండెను అంగుళం అంగుళంగా దించమని చెప్పి, నేను ప్రోబును గ్రాఫ్టు వెంట పైకి నడిపించాను. గుండె చుట్టూ ఉండే పలచటి పొరను మేము ముందే చీల్చి ఉంచాం. దాని ఎడమ అంచు బిగుసుకుని నిలబడింది. గ్రాఫ్టు ఆ అంచు మీదుగా వంగి వెళుతోంది. గుండె తన స్థానంలో కూర్చునేసరికి సరిగ్గా ఆ వంపులో నాళం నొక్కుకుపోయి తెర మీద దారం గీతైపోయింది. మామూలు కంటికి అక్కడ నాళం అందంగా వంగినట్టే కనపడుతోంది.

"అదిగో మేడమ్!" అన్నాడు కిరణ్. పొద్దుటి నుంచి అతని గొంతు పెరిగింది అప్పుడొక్కసారే.

ఆ పొర మీదుగానే ఊపిరి ఆడించే కండరానికి వెళ్ళే నరం ఒకటి ఉంటుంది. అది తెగితే ఊపిరి సరిగా ఆడదు. దాన్ని ఎడంగా ఉంచి, పొర అంచులో లోతుగా ఒక గాటు పెట్టించాను. గ్రాఫ్టు ఆ గాటులోకి జారి తిన్నగా పడుకుంది. గుండె పూర్తిగా దాని స్థానంలో ఉండగా మళ్ళీ కొలిచాం. అంకె పెరిగింది, అల నిండుగా వచ్చింది. ప్రోబుతో మరోసారి చూశాం. కాసేపు ఆగి, రమణి బి.పి.ని మామూలుకు తెచ్చాక ఇంకోసారి చూశాం. అప్పుడు మూశాం. బృహద్ధమని మీద ఒక్క గాటు గానీ ఒక్క నొక్కు గానీ పడలేదు.

మత్తు తేలికవుతుంటే రెండు చేతులతోనూ నా వేళ్ళు నొక్కమన్నాను. నొక్కారు. కాళ్ళు కదిపారు. కానీ గొంతులో గొట్టం ఉన్నంతసేపూ మాట సంగతి తెలియదు. మర్నాడు పొద్దున గొట్టం తీసే సమయానికి రూతమ్మ గారిని లోపలికి పిలిపించాను. ఐ.సి.యు. నిబంధనలకు అది విరుద్ధం, కానీ ఆ నిబంధనలు రాసింది నేనే.

గొట్టం తీశాక ఆయన దగ్గారు, గుటక వేశారు, మా అందరి వైపూ చూశారు. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. రూతమ్మ గారు మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. రెండోసారి బొంగురుగా వచ్చింది.

"రూతూ... రసాల రేటెంతుందో కనుక్కున్నావా?"

ఆవిడ పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. "నేనిక్కడ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటే, మీకు రసాల రేటు కావాల్సొచ్చిందా? ముందు నోరు మూసుకుని పడుకోండి" అన్నారు. వెంటనే తానేమన్నదీ తెలిసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కిరణ్ కేసు షీటు రాసుకుంటున్నట్టుగా అటు తిరిగిపోయాడు.

కథ అంతటితో సుఖంగా ముగియలేదు. కిరణ్ భయపడ్డట్టే గాయం కింది భాగం మానక చీము పట్టింది. ఇంటికి వెళ్ళాల్సిన మనిషి వార్డులోనే ఉండిపోయారు. కిరణ్ నర్సుకు వదలకుండా తానే రోజూ కట్టు మార్చాడు. చివరికి ఆ మేర మళ్ళీ శుభ్రం చేసి కుట్టాల్సి వచ్చింది. ఎముక వరకు పోలేదు, అది మా అదృష్టం. ఆ ఏడు సీజను మొత్తం యేసుపాదం గారికి ఆస్పత్రి కిటికీ లోంచి లారీలు చూడటంతోనే గడిచింది. విసిగిపోయి కిరణ్ మీద కేకలేసేవారు. ఆ కేకలు వరండా చివరకు వినపడుతుంటే మాకెవరికీ కోపం రాలేదు.

నెలవారీ కేసుల సమీక్షలో ఈ కేసు నేనే పెట్టాను. గాయం విషయంలో కిరణ్ ముందే హెచ్చరించాడని, అతని అంచనా నిజమైందని చెప్పాను. మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తారని ఒకరు అడిగారు. అదే చేస్తానన్నాను. కిరణ్ కూడా అదే చెప్పాడు.

మరుసటి సీజన్లో యేసుపాదం గారు షెడ్డుకు తిరిగి వెళ్ళారు. మునుపటంత సేపు నిలబడలేక ఒక రాశికీ మరో రాశికీ మధ్య కుర్చీలో కూర్చుంటారని, గొంతులో మాత్రం తేడా లేదని చెకప్‌కు వచ్చినప్పుడు రూతమ్మ గారు చెప్పారు.

ఆ తర్వాత మా విభాగంలో రెండు పద్ధతులు రాసిపెట్టాం. బృహద్ధమనిని చూడకుండా ఎవరూ ముట్టుకోకూడదు. ప్రతి అతుకునూ అంకెతోనూ బొమ్మతోనూ, గుండె దాని స్థానంలో ఉండగానే చూశాక ఛాతీ మూయాలి. అనుమానం ఉన్న రోగులకే కాదు, అందరికీ. నేను వచ్చేశాక ఆ విభాగానికి కిరణే అధిపతి. ఆ పద్ధతులు ఇంకా అలాగే నడుస్తున్నాయి.

నాకు ఆ కేసు నేర్పింది ఇది. అంకె తగ్గితే ఎక్కడో అడ్డు ఉందని మాత్రమే తెలుస్తుంది. అది ఎక్కడన్నది చూడకముందే దిద్దడం మొదలుపెడితే, మన చెయ్యి ముందుగా బాగున్న చోటికే వెళుతుంది. ఆ రోజు థియేటర్లో అందరికన్నా ముందు తప్పు తనదేనన్నవాడి కుట్టులో ఏ తప్పూ లేదు.